టైరు మీద "8 పీఆర్" అని ఎందుకు రాస్తారు? పికప్‌కి టైర్లు మార్చే ముందు ఒక పాత కథ

మిరప కోతలు దగ్గర పడ్డాయి. ఊళ్ళో ఏ పికప్ వెనక నిలబడి చూసినా టైర్లు గుండు అయిపోయి ఉన్నాయి. ఇప్పుడందరూ టైర్ల షాపులకి పోతారు. పోయి ఏమడుగుతాం? "ఇదే సైజు ఉందా? రేటెంత?" ఈ రెండు మాటలే. అతను చూపించింది వేయించుకుని వచ్చేస్తాం.

కానీ ఆ టైరు మీద ఇంకా బోలెడు అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవి కంపెనీవాడు అందానికి వేసినవి కావు. ఒక్కోటి ఒక్కో కాలంలో, ఏదో ఒక అవసరం పడ్డాకో దెబ్బ తగిలాకో వచ్చి చేరింది. పొద్దున కోతకి 15 మంది ఆడకూలీలని ఎక్కించుకునేదీ, సాయంత్రం టిక్కీలు వేసుకుని యార్డుకి పోయేదీ అదే బండి గదా. అందుకని ఈసారి పోస్టు టైర్ల చరిత్ర మీద. పెద్దదే, తీరిగ్గా చదవండి.

అసలు టైరు అన్న మాట రబ్బరుతో పుట్టలేదు. ఇంగ్లీషువాళ్ళు చెక్క చక్రానికి తొడిగే ఇనప పట్టాని టైరు అనేవాళ్ళు. వాళ్ళ భాషలో 'అటైర్' అంటే కట్టుకునే బట్ట, అలంకరణ. చక్రానికి కట్టిన బట్ట అన్నమాట. మనకీ అదే పని ఉండేది. కుండ, ఆకులు, పూటీలు వడ్రంగి బిగిస్తే, కమ్మరి పట్టాని ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్ళు పోసేవాడు. అది చల్లారి కుంచించుకుపోయి చక్రాన్ని పట్టేసేది. ఆ బండి ఎవరిదో, ఎన్ని బస్తాలు వేస్తాడో, ఏ డొంకలో తిరుగుద్దో ఇద్దరికీ తెలుసు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టిన టైరుకి మీరెవరో తెలియదు. అందుకే దాని ఒంటి మీద అన్నీ రాయాల్సొచ్చింది.

రబ్బరు కథ క్లుప్తంగా చెప్తా. పచ్చి రబ్బరు ఎండకి జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేసి గట్టి రబ్బరు చేశాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్లప్ అనే పశువుల డాక్టరు కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు చేశాడు. అవును, పశువుల డాక్టరే. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్లప్ ఫ్యాక్టరీ వచ్చింది. ఎడ్లబండికి కూడా గాలి టైర్లు వచ్చాక మన దగ్గర 'టైరు బండి' అన్న పేరు పుట్టింది. ఇదంతా మీలో చాలామందికి తెలిసిందే. నేను చెప్పదలిచింది టైరు లోపల ఏముందన్నది.

లోపల పత్తి ఉండేది. ఉట్టి రబ్బరు గాలి ఒత్తిడికి బెలూన్ లాగా ఉబ్బి పగిలిపోద్ది. దాన్ని పట్టి ఉంచడానికి లోపల నూలు గుడ్డ పొరలు వేసేవాళ్ళు. మొదట్లో మామూలు నేతగుడ్డ వాడారు. నిలువు దారం, అడ్డ దారం ఒకదాన్నొకటి రాసుకుని తెగిపోయేవి. తర్వాత ఒకే వైపు సాగే దారాల పొరలు పెట్టి, ఒక పొర ఇటు వాలుగా, ఇంకో పొర అటు వాలుగా వేయడం మొదలుపెట్టారు. బరువు మోసే బండికి ఎక్కువ పొరలు, తేలిక బండికి తక్కువ పొరలు. 4 పొరలు, 6 పొరలు, 8 పొరలు. ఇంగ్లీషులో పొరని 'ప్లై' అంటారు.

పత్తి రైతులకి ఇక్కడొక ముక్క చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో టైర్లకి కావలసిన పొడుగు పింజ పత్తి అమెరికాకి దొరకలేదు. ఈజిప్టు నుంచి రావడం కష్టమైంది. వాళ్ళ సొంత సీ ఐలాండ్ పత్తిని ముక్కుపురుగు తినేసింది (మన గులాబీ పురుగు కాదు, వేరే జాతి). అప్పుడు గుడ్‌ఇయర్ టైర్ కంపెనీ అరిజోనా ఎడారిలో వేల ఎకరాలు కొని తనే పత్తి వేసింది. అక్కడ ఇప్పటికీ గుడ్‌ఇయర్ పేరుతోనే ఒక ఊరుంది. పురుగు పత్తి చేలో పడితే టైర్ల కంపెనీ సేద్యం చేయాల్సి వచ్చింది చూడండి.

తర్వాత నూలు పోయి రేయాన్ వచ్చింది, ఆపైన నైలాన్, పాలిస్టర్, ఉక్కు తీగ. ఇవి నూలు కన్నా చాలా గట్టివి. 8 నూలు పొరల పని నాలుగైదు నైలాన్ పొరలే చేస్తాయి. మరి కొనేవాడికి ఎలా చెప్పాలి? పొరలు తగ్గాయంటే బలం తగ్గిందనుకుంటాడు. అందుకని "ఇది 8 నూలు పొరల టైరంత బరువు మోస్తది" అని చెప్పడానికి 'ప్లై రేటింగ్' అనే మాట పెట్టారు. టైరు మీద '8 పీఆర్' అంటే అదే. లోపల 8 పొరలు ఉన్నాయని కాదు. షాపులో ఎవరైనా "ఇందులో నిజంగా 8 పొరలున్నాయి, అందులో లేవు" అంటే నవ్వి ఊరుకోండి. చూసుకోవాల్సింది ఒకటే. మీ బండికి కంపెనీ ఇచ్చిన టైరు మీద ఎంత పీఆర్ ఉందో, కొత్తదాని మీద అంతకి తగ్గకూడదు. సైజు అదే ఉండి పీఆర్ తక్కువున్న టైరు కాస్త చవగ్గా దొరుకుద్ది. మనవాళ్ళు ఎక్కువగా చిక్కేది అక్కడే.

సైజు అంకెల్లోనూ రెండు కాలాలున్నాయి. '7.00 ఆర్ 15 ఎల్‌టీ' అని ఉంటే అది అంగుళాల లెక్క. టైరు వెడల్పు 7 అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు. '215/75 ఆర్ 15' అని ఉంటే కొత్త పద్ధతి. వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము మాత్రం మళ్ళీ అంగుళాల్లోనే. మధ్యలో 'ఆర్' అంటే రేడియల్. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. పొరలు వాలుగా కాకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా వేసి, పైన ఉక్కు పట్టీ చుట్టారు. మన దేశంలో మొదటి రేడియల్ టైరు 1977లో జేకే కంపెనీ చేసింది. కార్లు తొందరగా అటు మళ్ళాయి. లారీలు మాత్రం చాలాకాలం నైలాన్ టైర్లనే నమ్ముకున్నాయి. ఓవర్‌లోడు, గతుకుల రోడ్లు, పక్కన రాయి కొట్టుకున్నా తట్టుకోవడం, రేటు తక్కువ, ఇవీ కారణాలు. అది తెలివితక్కువ పనేం కాదు. కానీ నైలాన్ టైరు తిరిగేటప్పుడు ఎక్కువ వేడెక్కుద్ది. ఇప్పుడు మన పికప్‌లు హైవే మీద 80లో పోతున్నాయి. పొలం డొంకకి మంచిదైన టైరు హైవేకి మంచిది కాకపోవచ్చు. ఏది వేసినా ఒకే ఇరుసుకి ఒక పక్క నైలాన్, ఒక పక్క రేడియల్ వేయొద్దు. మలుపులో బండి ఎటు లాగుద్దో చెప్పలేం.

ఇక 'ఎల్‌టీ', 'పీ' అక్షరాలు. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు టైరు. ముందు 'పీ' ఉంటే ప్యాసింజర్ టైరు, కార్లూ జీపులదన్నమాట. రిమ్ము 15 అయితే రెండూ ఎక్కుతాయి గదా అని వేసేవాళ్ళున్నారు. ఈ సంగతిని మామూలుగా చెప్తే ఎక్కదు. అమెరికాలో జరిగింది చెప్తా.

హెన్రీ ఫోర్డు, హార్వీ ఫైర్‌స్టోన్ స్నేహితులు. 1906 నుంచి ఫోర్డు బండికి ఫైర్‌స్టోన్ టైరు. 1990లలో ఫోర్డు కంపెనీ తన రేంజర్ పికప్ ఛాసిస్ మీద ఎక్స్‌ప్లోరర్ అనే ఎత్తు బండి చేసి లక్షల్లో అమ్మింది. వాటికి 'పీ 235/75 ఆర్ 15' సైజు ఫైర్‌స్టోన్ టైర్లు. రేంజర్ పికప్‌లకీ ఇవే టైర్లు చాలావాటికి ఉన్నాయి. బండి ఎత్తుగా ఉంది, బోల్తా పడకుండా నిలకడ కోసమని గాలి 26 పాయింట్లు చాలని ఫోర్డు చెప్పింది. 30 ఉండాలని టైర్ల కంపెనీ తర్వాత అంది. గాలి తక్కువుంటే ఏమవుద్ది? టైరు పక్కలు తిరిగే ప్రతి చుట్టులోనూ నలుగుతాయి. నలిగితే వేడి. కుటుంబమంతా ఎక్కి, సామాను వేసుకుని, ఎండాకాలం హైవే మీద గంటల తరబడి పోతే ఆ వేడికి లోపలి ఉక్కు పట్టీ రబ్బరు నుంచి విడిపోయేది. పై తోలంతా ఊడి వచ్చేది. వెనక టైరు తోలు ఊడగానే ఎత్తు బండి పల్టీ కొట్టేది.

2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ దేశపు రోడ్డు భద్రత శాఖ లెక్కలో 271 మంది చనిపోయారు. ప్రమాదాలు ఎక్కువ జరిగినవి టెక్సాస్, అరిజోనా, ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి ఎండ రాష్ట్రాల్లో. తప్పు టైరుదని ఫోర్డు, బండిదని ఫైర్‌స్టోన్ పోట్లాడుకున్నాయి. 2001లో ఆ దాదాపు నూరేళ్ళ స్నేహం తెగిపోయింది. నా మటుకు నాకు ఇద్దరి మాటలోనూ నిజం ఉందనిపిస్తది. టైరు తయారీలో లోపం ఉంది. కానీ అదే టైరుకి గాలి నిండుగా ఉండి, వేడీ బరువూ తక్కువుంటే చాలావరకు నడిచిపోయాయి గదా. ఈ గొడవ తర్వాతే అక్కడ కొత్త చట్టం వచ్చి, గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది.

దీన్ని మన టిక్కీల లెక్కలో చూద్దాం. టైరు మీద సైజు పక్కనే 105 అనో 112/110 అనో ఉంటది. అది బరువు సంఖ్య. 100 అంటే టైరుకి 800 కిలోలు, 105 అంటే 925, 108 అంటే 1000, 112 అంటే 1120. గీత అటూ ఇటూ రెండు సంఖ్యలుంటే మొదటిది ఒంటి టైరుకి, రెండోది జంట టైర్లకి. ఇప్పుడు 1300 కిలోల పర్మిషన్ ఉన్న పికప్ తీసుకోండి. టిక్కీ 40 కిలోలనుకుంటే 32 టిక్కీలకే లోడు నిండింది. మనం ఎన్ని వేస్తాం? 50 వేస్తే 2000 కిలోలు. ఆ బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే. బండి సొంత బరువుతో కలిపి వెనక 2100 కిలోలు పడిందనుకుంటే ఒక్కో టైరుకి 1050. అక్కడ 105 సంఖ్య ప్యాసింజర్ టైరు ఉందనుకోండి. దాని శక్తి కాగితం మీద 925. అమెరికా లెక్కల్లో ప్యాసింజర్ టైరుని ట్రక్కుకి వేస్తే దాని శక్తిని 1.1తో భాగించాలి, అంటే 840 కిలోలే. 210 కిలోలు అదనం, అదీ నిప్పులు చెరిగే ఎండలో.

గాలి ఎక్కువ కొడితే ఎక్కువ మోస్తదనేది భ్రమ. టైరు మీద రాసిన గరిష్ఠం దాటి కొట్టినా బరువు శక్తి పెరగదు. బండి డోరు దగ్గర అంటించిన పట్టీలో ఖాళీకీ లోడుకీ ఎంతెంత గాలో ఉంటది, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు అంత పెట్టించండి. దారిలో టైరు కాలుతోందని గాలి తీసేవాళ్ళున్నారు. అది ఎక్స్‌ప్లోరర్ కథని కొని తెచ్చుకోవడమే, తీసిన గాలితో ఇంకా నలిగి ఇంకా కాలుద్ది. నైలాన్ టైరుని రాడ్డుతో కొట్టి గాలి చెప్పేవాళ్ళు పాత డ్రైవర్లు. రేడియల్ పక్కలు ఎప్పుడూ కొంచెం ఉబ్బినట్టే ఉంటాయి, చూపుకీ కాలితో తన్నుకీ దొరకవు. గేజి ఒకటి బండిలో పెట్టుకోండి.

రీట్రేడింగు గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అదేమీ దొంగ పని కాదు. ఈరోజు అందరికీ తెలిసిన ఎంఆర్ఎఫ్ కంపెనీ 1946లో మద్రాసు తిరువొత్తియూరులో బొమ్మ బెలూన్లు చేస్తూ మొదలై, 1952లో పాత టైర్లకి వేసే ట్రెడ్ రబ్బరు చేయడంతోనే ఎదిగింది. టైర్లు చేయడం 1961లో. మీ సొంత టైరు, లోపల తీగ తేలకుండా, పక్కలు చిట్లకుండా ఉంటే రీట్రేడు చేయించి వెనక వేసుకోవచ్చు. ముందు చక్రాలకి మాత్రం వద్దు. ఎవరిదో తెలియని టైరుకి వేసిన కొత్త తోలు కొనొద్దు. కొత్తవి రెండే కొంటే అవి వెనక్కి పోవాలి. స్టీరింగు ముందుంది గదా అని ముందు వేయించుకుంటాం, కానీ తడి రోడ్డు మీద వెనక జారితే డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు.

కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర చూడండి, 2009 నాటి ఉత్తర్వుతో అది తప్పనిసరి చేశారు. గాడిలో అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, తోలు అరిగి వాటితో సమమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. చట్టం ప్రకారం అంతకంటే అరిగిన టైరుతో రోడ్డెక్కకూడదు. ఇంకొకటి, చిన్న గుండ్రటి గడిలో 4 అంకెలు. 2224 అంటే 2024లో 22వ వారం చేసిన టైరు. 3 అంకెలే ఉంటే అది 2000కి ముందుది, ఆ టైరుని చెట్టుకి ఉయ్యాల కట్టుకోండి.

ఈ తారీఖు కొత్తవాటి మీదే కాదు, స్టెప్నీ మీద కూడా చూడండి. స్టెప్నీ అంటే వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో ఒక వీధి పేరు. కార్లకి అదనపు చక్రం ఇవ్వని రోజుల్లో, 1904లో అక్కడ అన్నదమ్ములిద్దరు దాన్ని తయారుచేసి అమ్మారు. వాళ్ళ దేశం ఆ మాట మర్చిపోయింది, మనం మర్చిపోలేదు. కానీ మన బండి కింద అది ఏళ్ళ తరబడి అలాగే వేలాడుతూ ఉంటది. తిరగకపోయినా రబ్బరు గట్టిపడిపోద్ది. రేపు టైర్లు మార్చేటప్పుడు ముందు దాన్ని కిందికి దింపించి, మట్టి తుడిచి, ఆ 4 అంకెలు చదవండి.