ఆకలి లేని ఆకలి

కడుపు నిండియున్నను చేయి తినుబండారముల డబ్బావైపు పోవుట మనలో పెక్కుమందికి అనుభవమే. పనిలో ఒకరిచేత మాటపడిన దినమున, ఇంటిలో ఒంటరిగా కూర్చున్న సాయంకాలమున, ఏమియు తోచని వేళ, మనసు తిండిమీదికి పోవును. అది ఆకలి కాదు. ఆకలి అన్నముతో తీరును. ఇది ఎంత తినినను తీరదు. మనసునకు కలిగిన నొప్పికి నోటితో మందు వేసికొనుటయే ఇది. దీనిని 'ఊరట తిండి' అని పిలుచుకొందము.

ఎప్పుడో ఒకప్పుడు ఊరట కొరకు తినుటలో దోషము లేదు. కాని ఎంతో శ్రమపడి ఇరువది ముప్పది కిలోల బరువు తగ్గించుకొన్న మనుష్యునకు ఇది పెద్ద చిక్కు. శరీరము తగ్గినది, దిగులు, విసుగు, ఒంటరితనము మాత్రము తగ్గలేదు. ఇన్నాళ్లు తన్ను ఓదార్చిన తిండి ఇప్పుడు నిషిద్ధమైనది. కొన్ని మాసములకు అతడు మరల తినసాగును. పోయిన బరువు తిరిగి వచ్చును. చుట్టుపట్లవారు అతనికి మనోనిబ్బరము లేదని తేల్చివేయుదురు. అతడు కూడ అట్లే అనుకొని క్రుంగిపోవును. ఈ తీర్పు న్యాయమైనదేనా? ఎనుబది సంవత్సరములుగా శాస్త్రజ్ఞులు ఈ చిక్కును ఏ విధముగ విప్పుచు వచ్చిరో చూతము.

మిన్నెసోటా యువకులు

రెండవ ప్రపంచ యుద్ధము ముగియవచ్చుచున్న కాలమున యూరపులో లక్షలాది జనులు ఆకలితో అలమటించుచుండిరి. చిక్కి శల్యమైన శరీరములను తిరిగి ఏ విధముగ పోషింపవలెనో తెలిసికొనుటకై అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందు ఏన్సెల్ కీస్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1944 నవంబరులో ఒక ప్రయోగమును ఆరంభించెను. యుద్ధము చేయుట తమ అంతరాత్మకు విరుద్ధమని ఆయుధము పట్ట నిరాకరించిన యువకులు 36 మంది ఇందులకు స్వచ్ఛందముగ ముందుకు వచ్చిరి. విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ స్టేడియము క్రింది గదులలో వారు నివసించిరి.

మొదటి మూడు మాసములు వారికి తృప్తిగ భోజనము పెట్టిరి. 1945 ఫిబ్రవరి మొదలు 24 వారములు మాత్రము రోజునకు సగటున 1,570 కెలొరీల ఆహారము ఇచ్చిరి. మునుపటి భోజనములో ఇది సుమారు సగము. రొట్టె, బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు అందు ముఖ్యమైనవి. వారమునకు 22 మైళ్లు నడువవలెనను నియమము కూడ ఉండెను. వారి బరువు దాదాపు నాలుగవ వంతు తగ్గెను.

శరీరములో వచ్చిన మార్పులకన్న మనసులో వచ్చిన మార్పులు ఆశ్చర్యకరములు. ఉల్లాసముగ వచ్చిన యువకులు ముభావులై, చీటికిమాటికి కోపపడసాగిరి. వారి మాటలు, కలలు, చదువు అన్నియు తిండి చుట్టు తిరుగసాగెను. మునుపు వంటగది తొక్కనివారు పాకశాస్త్ర గ్రంథములను ప్రోగుచేసికొనిరి. కొందరు రోజంతయు చూయింగ్ గమ్ నమలుచుండిరి. కాఫీ, టీలు మితిమీరి త్రాగుటచేత దినమునకు తొమ్మిది కప్పులని హద్దు పెట్టవలసి వచ్చెను.

అసలు వింత పిమ్మట కనబడెను. తిరిగి భోజనము పెట్టినప్పుడు కొందరు కడుపు పట్టనంత తినియు, ఇంకను ఆకలియే యనిరి. కీస్, అతని సహచరులు 1950లో ప్రకటించిన రెండు సంపుటముల గ్రంథమునందు ఈ వివరములన్నియు ఉన్నవి. ఆ లెక్కలనే అబ్దుల్ డులూ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో 1997లో తిరిగి పరిశీలించెను. పోయిన క్రొవ్వు తిరిగి చేరిన తరువాత కూడ, కండరములు మొదలగు క్రొవ్వుకాని ధాతువు పూర్తిగా కోలుకొనువరకు ఆ అతితిండి ఆగలేదని తేలెను.

ఈ యువకులు మనోనిబ్బరము లేనివారు కారు. నమ్మిన ధర్మము కొరకు సంఘపు నిందను సహించినవారు. పరులకొరకు ఆకలిని కోరి తెచ్చుకొన్నవారు. అట్టివారినే తిండి తలపు ఇంతగ పట్టి పీడించినది. బరువు మిక్కిలి తగ్గిన శరీరము మనసును తిండివైపు లాగుననుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల?

ఏడ్చు బిడ్డకు తీపి

ఈ కథలో ఇది శరీరపు భాగము. మనసుయొక్క భాగమును వెదకినవారిలో హిల్డే బ్రూష్ అను వైద్యురాలు ముఖ్యురాలు. ఆమె 1904లో జర్మనీలో జన్మించి, హిట్లరు పాలనలో స్వదేశమును విడిచి, 1934లో అమెరికా చేరెను. న్యూయార్కునందు స్థూలకాయులైన పిల్లలను పరీక్షించుచు వచ్చెను. ఆ దినములలో స్థూలకాయమునకు గ్రంథుల లోపమే కారణమని వైద్యులు అనుకొనుచుండిరి. ఆమె చూచిన పిల్లలలో పెక్కుమందికి అట్టి లోపము కనబడలేదు. అప్పుడామె ఆ పిల్లల ఇండ్లను, పెంపకమును గమనించెను.

బిడ్డ ఆకలికి ఏడ్చును, భయపడి ఏడ్చును, చలికి ఏడ్చును, ఒంటరిగా ఉండలేక ఏడ్చును. అన్నిటికిని తిండియే జవాబైనచో, బిడ్డ తన ఆకలిని ఇతర బాధలనుండి వేరుచేసి గుర్తించుట నేర్చుకొనజాలదని బ్రూష్ వాదించెను. ఏడ్పు మాన్పుటకు బెల్లపు ముక్క నోట పెట్టుట మనమెరుగని పని కాదు. తప్పంతయు తల్లులదేయని ఆనాడు కొందరు తీసిన అర్థమును నేటివారు అంగీకరింపరు. వంశానుగత లక్షణములు, పరిసరములు కూడ స్థూలకాయమునకు కారణములని నేడు తెలియును. అయినను ఊరట తిండి నేర్చుకొన్న అలవాటు కావచ్చునను ఆమె భావము నిలిచినది. నేర్చినదానిని మార్చుకొనవచ్చుననునది అందలి ఆశ.

తగ్గిన బరువు నిలువదేల?

ఆల్బర్ట్ స్టంకర్డ్, మేవిస్ మెక్లారెన్-హ్యూమ్ అను ఇరువురు 1959లో ప్రకటించిన లెక్క వైద్యలోకమును కలవరపరచెను. న్యూయార్కులోని ఒక పోషణ చికిత్సాలయమునకు వచ్చిన 100 మంది స్థూలకాయులలో 20 పౌనులైనను తగ్గినవారు 12 మందియే. రెండేండ్ల పిమ్మట ఆ తగ్గుదలను నిలుపుకొన్నవారు ఇద్దరే. పథ్యపు పట్టిక చేతికిచ్చి పంపిన చాలదని దీనివలన స్పష్టమయ్యెను.

కారణములు క్రమముగ బయటపడెను. 1975లో పీటర్ హెర్మన్, డెబోరా మాక్ అనువారు కొందరు విద్యార్థినులకు మొదట మిల్క్‌షేక్ త్రాగించి, పిమ్మట ఐస్‌క్రీము రుచిచూడుమనిరి. పథ్యము పాటింపనివారు మిల్క్‌షేక్ త్రాగినకొలది ఐస్‌క్రీము తక్కువ తినిరి. ఎల్లప్పుడు కట్టుదిట్టముగ తినువారు మాత్రము త్రాగిన పిమ్మట ఎక్కువ తినిరి! నియమము ఎటుతిరిగి చెడినది, ఇక ఎంత తినిన నేమి అను భావము వారిని లోబరచుకొనెనని ఆ శాస్త్రజ్ఞుల వివరణ. బిగించి కట్టిన కట్ట ఒకచోట తెగినచో నీరంతయు పోవుటవంటిదే ఇది.

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ప్రయోగశాలలో లెప్టిన్ అను హార్మోనుయొక్క జన్యువు కనుగొనబడెను. క్రొవ్వు కణములు దీనిని స్రవించి, నిల్వలు ఎంత ఉన్నవో మెదడునకు తెలియజేయును. క్రొవ్వు తగ్గినప్పుడు లెప్టిన్ తగ్గును. మెదడు దానిని కరవుగా గ్రహించి ఆకలిని పెంచును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్న గ్రెలిన్ అను మరియొక హార్మోను ఆకలిని రేకెత్తించును. పథ్యముచే బరువు తగ్గినవారిలో ఇది పెరుగును. ఈ మార్పులు ఎంతకాలముండును? ఆస్ట్రేలియాలో ప్రియా సుమిత్రన్, ఆమె సహచరులు బరువు తగ్గినవారిని ఒక సంవత్సరము పిమ్మట పరీక్షించి, అప్పటికిని ఆ హార్మోనులు యథాస్థితికి రాలేదని 2011లో ప్రకటించిరి.

కనుక బరువు తగ్గినవానిని రెండు శక్తులు ఒకేసారి లాగుచుండును. ఒకటి శరీరము వేయు ఆకలి కేక. రెండవది మనసునకు అలవాటైన ఊరట. మొదటిదానికి వేళకు సరియైన భోజనము కావలెను. రెండవదానికి వేరొక ఊరట కావలెను. దానిని ఊరక నిషేధించినచో ఆ చోటు ఖాళీగనే యుండును.

ఖాళీని నింపుట

ఆ ఖాళీని నింపవలెనను ఆలోచన మొదట సామాన్యుల ఇండ్లలోనే రూపుదాల్చెను. న్యూయార్కు గృహిణి జీన్ నైడెచ్ 214 పౌనుల బరువుండెను. చికిత్సాలయమునకు పోయి కొంత తగ్గెను. కాని స్నానాల గదిలో విడిచిన బట్టల బుట్టలో బిస్కట్లు దాచి తినుట మానలేకపోయెను. ఈ మాట వైద్యులతో చెప్పుకొనలేక, 1961లో ఆరుగురు స్నేహితురాండ్రను ఇంటికి పిలిచి చెప్పుకొనెను. వారును తమ తమ రహస్యములు విప్పిరి. వారము వారము కూడుట అలవాటయ్యెను. మరుసటి సంవత్సరమునకు ఆమె బరువు 142 పౌనులయ్యెను. 1963లో ఆ కూటమి 'వెయిట్ వాచర్స్' అను సంస్థగా ఏర్పడెను. ఆమె 2015లో మరణించువరకు తిరిగి స్థూలకాయురాలు కాలేదు. దాచుకొన్న బిస్కటు చేయుచుండిన పనిని మనసు విప్పిన మాట చేసెనన్నమాట.

విద్వాంసులును ఈ త్రోవనే నడచిరి. ఛార్లెస్ ఫెర్‌స్టర్ మొదలగువారు 1962లో, తినుటతో పొసగని వేరు పనులను అలవరచుకొనవలెనని సూచించిరి. రిచర్డ్ స్టూవర్ట్ 1967లో ఎనిమిదిమంది స్త్రీల చికిత్సను వర్ణించెను. ఎప్పుడు, ఎచట, ఏ మనఃస్థితిలో తినిరో వారు వ్రాసికొనిరి. తినుటకు ఒకే చోటు ఏర్పరచుకొనిరి. తినవలెనను కోరిక పుట్టు వేళకు ఇష్టమైన మరియొక పనిని సిద్ధముగ నుంచుకొనిరి. ఒక సంవత్సరములో వారు 26 మొదలు 47 పౌనుల వరకు తగ్గిరి.

1999లో జీన్ క్రిస్టెలర్, బ్రెండన్ హాలెట్ అనువారు ధ్యానమును పరీక్షించిరి. అదుపు తప్పి తినుట వ్యాధిగా పరిణమించిన 18 మంది స్త్రీలకు కొన్ని వారములు ధ్యానము నేర్పిరి. ఆకలిని, కోరికను వేరువేరుగ గమనించుట అందు ముఖ్యము. వారమునకు నాలుగుసార్లు వచ్చుచుండిన ఆ ఉద్రేకము ఒకటి రెండుసార్లకు తగ్గెను. నడక సంగతి 2012లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించిరి. చాకొలెట్ తిను అలవాటు గలవారు పదునైదు నిమిషములు చురుకుగ నడచి, పిమ్మట పనికి కూర్చున్నప్పుడు, నడువనివారు తినినదానిలో సగమే తినిరి.

అన్ని ప్రత్యామ్నాయములును మేలైనవి కావు. ఉదరకోశపు శస్త్రచికిత్సతో బరువు తగ్గినవారిని పరిశీలించి 2012లో వెండీ కింగ్, ఆమె సహచరులు ప్రకటించిన లెక్క ఇది: మద్యపాన వ్యాధి శస్త్రచికిత్సకు ముందు 7.6 శాతమునకుండగా, రెండవ సంవత్సరమున 9.6 శాతమునకు పెరిగెను. కొన్ని శస్త్రచికిత్సల పిమ్మట మద్యము రక్తములో త్వరగా చేరుట ఇందులకొక కారణము. తిండి విడిచిన చోటున మద్యము ప్రవేశించుట మరియొక కారణమని కొందరి అభిప్రాయము. ఖాళీని దేనితో నింపుచున్నామో కనిపెట్టి యుండవలెను.

మరల మిన్నెసోటా

గణనీయముగ బరువు తగ్గి, నిలుపుకొన్నవారి వివరములు సేకరించుటకు 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అమెరికాలో ఒక జాబితాను నెలకొల్పిరి. అందలివారిలో అత్యధికులు దినమునకు సుమారు గంటసేపు వ్యాయామము చేయువారు. వారికి ప్రియమైనది నడక. ఆలోచనలు, భావములు పురికొల్పగా తినువారికే బరువు ఎక్కువగ తిరిగివచ్చెనని 2007లో ఆ జాబితానుండి తేలెను.

కీస్ పనిచేసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయముననే 2014లో ట్రేసీ మాన్, ఆమె సహచరులు ఒక సామాన్యమైన ప్రశ్న వేసిరి: ఊరట తిండి నిజముగ ఊరటనిచ్చునా? దిగులు పుట్టించు చలనచిత్ర భాగములను చూపి, పిమ్మట కొందరికి వారు కోరిన తిండిని, కొందరికి వేరు తిండిని ఇచ్చిరి. కొందరికి ఏమియు ఇయ్యలేదు. కొద్ది నిమిషములలో అందరి మనసులును ఒకే తీరున తేరుకొనెను. కాలము చేసిన మేలును మనము తిండికి అంటగట్టుచున్నామన్నమాట. ప్రయోగశాలలోని చిన్న దిగులు సంగతి ఇది. జీవితములోని పెద్ద దుఃఖమునకు ఇంతకన్న ఎక్కువ కాలము, ఎక్కువ తోడు కావలెను.

కనుక డబ్బా మూత తీయుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: భోజనము చేసి ఎంతసేపైనది? చాలసేపైనచో అది శరీరపు కేక. సిగ్గుపడక కూర్చుండి భోజనము చేయవలెను. ఇప్పుడే తినియుంటిమన్నచో, బాధ ఏదో దానికొక పేరు పెట్టవలెను. విసుగైనచో చేతికి పని, దిగులైనచో ఒక పావుగంట నడక, ఒంటరితనమైనచో ఒక మనిషితో మాట. ఒకనాడు తప్పినను కట్ట తెగినదని భావింపరాదు; మరుసటి భోజనమునుండి తిరిగి ఆరంభింపవలెను. అదుపు తప్పి తినుట మాటిమాటికి జరుగుచున్నచో వైద్యుని సలహా పొందవలెను.

ఇక ఇంటివారికొక మాట. బరువు తగ్గిన మనిషి రాత్రివేళ వంటయింటిలో కనబడినప్పుడు నిందింపక, ఏమి బాధ అని అడుగుడు. ఆరుగురు స్నేహితురాండ్రు జీన్ నైడెచ్‌కు చేసిన సహాయము అట్టిదే.