కోరమండలం కొంగ

పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. అది మేస్తుంటే తెల్లకొంగ మూతి పక్కనే నడుస్తుంది. గిట్ట పడినచోట మిడత ఎగిరిందంటే చాలు, మెడ చాచి పట్టేస్తుంది. మదనపల్లె బీళ్లలోనూ, కుప్పం చెరువుల కిందా పశువుల వెంట తిరిగేది ఈ కొంగే. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరుపెట్టిన ఈజిప్టు కొంగా ఇదీ ఒకే జాతి అని శాస్త్రం చాలాకాలం లెక్కగట్టింది. ఇప్పుడు చాలా జాబితాల్లో మన తూర్పు కొంగ వేరు, ఈజిప్టు వైపు పడమటి కొంగ వేరు. ఇదేదో కొత్త జాతి పుట్టిందన్నట్టు చెప్పుకోవడం సరికాదు. మన కొంగకు పేరు ఎప్పుడో పెట్టారు, మధ్యలో మరుగున పడిందంతే.

ఆ పేరు 1783 నాటిది. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బఫన్ పక్షి గ్రంథం కోసం వేసిన రంగుబొమ్మలకు డచ్చి శాస్త్రవేత్త బొడార్ట్ లాటిన్ పేర్లు పెడుతూ, మన తీరపు కొంగను ‘కోరమాండా’ అన్నాడు. చోళమండలం ఐరోపా వాళ్ల నోట కోరమండల్ అయిందని చెబుతారు, ఆ మాటే ఇది. 1855లో పక్షిశాస్త్రవేత్త బోనపార్ట్ ఈ కొంగలకు ‘బుబుల్కస్’ అనే ప్రజాతి పేరిచ్చాడు. లాటిన్‌లో ఆ మాటకు పసులకాపరి అని అర్థం. ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు. తర్వాత వచ్చినవాళ్లు కోరమాండాను ఉపజాతిగా దించేశారు. 1988లో ఆస్ట్రేలియాలో మెకలన్, బ్రూస్, 2005లో దక్షిణాసియా పక్షుల గ్రంథంలో రాస్ముసెన్, ఆండర్టన్ దాన్ని తిరిగి జాతిగా నిలబెట్టారు. గుడ్లు పెట్టే కాలంలో పడమటి కొంగకు నడినెత్తిన, రొమ్మున, వీపున మాత్రమే లేత రంగు వస్తుంది, చెంపలు తెల్లగానే ఉంటాయి. మనదానికైతే తల, చెంపలు, గొంతు, మెడ అన్నీ కలిసి ముదురు నారింజ రంగు తిరుగుతాయి. కాళ్లూ ముక్కూ కూడా కాస్త పొడుగు.

కొన్ని నెలలుండి పోయే రంగును పట్టుకుని జాతినే విడదీస్తారా అని అడగవచ్చు. మిగతా కాలమంతా రెండూ తెల్లగానే ఉంటాయన్నది నిజమే. కానీ జత కుదిరే రోజుల్లో కనబడే రంగు అది. పక్షి తనవాళ్లను గుర్తుపట్టే వేళ ఏది కనిపిస్తుందో దానికే ఎక్కువ విలువివ్వాలి. రెండూ ఒకేచోట గూళ్లు కడితే కలుస్తాయేమో కదా అన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. విడివిడి నేలల్లో బతికే పక్షుల విషయంలో ఆ పరీక్ష ప్రకృతి మనకు పెట్టి చూపదు. అప్పుడు తేడాల బరువును బట్టే తేల్చుకోవాలి, జన్యువులు రేపు వేరే మాట చెబితే దిద్దుకోవాలి. అలాగని అంతవరకూ కలిపే ఉంచుదామంటే నష్టముంది. పందొమ్మిదో శతాబ్దంలో అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది పడమటి కొంగ. ఇరవయ్యో శతాబ్దంలో ఆస్ట్రేలియా మీదుగా న్యూజిలాండ్ దాకా పోయింది తూర్పుది. ఒకే పేరు కింద రాస్తే ఈ రెండు వలసలూ ఒకే పక్షి కథ అయిపోతాయి. రెండోదానిలో ఉన్నది మన పుంగనూరు ఆవు వెంట నడిచే కొంగ చుట్టమే.