చెన్నంగికి చెల్లెలు

ఎండలు ముదిరిన నాటినుంచి వానాకాలం సగం దాకా గులాబి, తెలుపు, ఊదా గుత్తులు వేసే చినగోరింటను శ్రీకాకుళం, విజయనగరం పెరళ్ళలో చాలామంది క్రోటన్ల సరసన చేర్చేస్తారు. ఎక్కడినుంచో వచ్చిన సోకు మొక్క అంటారు. అందులో సగమే నిజం. చెట్టు చైనాది, కాని ఒకే ప్రజాతికి చెందిన దాని అక్క చెన్నంగి మన కొండలదే. గోరింటాకు చెట్టు, దానిమ్మ కూడా ఈ కుటుంబంలోవే. ఈ లెక్కన చినగోరింట మన పెరటికి చుట్టమే గాని పరాయిది కాదు.

చైనాలో టాంగ్ వంశపు రాజులు దీన్ని తమ సచివాలయ ప్రాంగణంలో పెంచారు. 713లో ఆ కార్యాలయానికి ఈ చెట్టుకున్న పేరే వచ్చింది. అక్కడ కొలువు చేసిన కవి బై జూయి దీనిమీద కవిత చెప్పాడు. వెయ్యేళ్ళ తర్వాత స్వీడన్ ఈస్టిండియా కంపెనీ ఓడల మీద తూర్పుదేశాల మొక్కలు యూరపు చేరాయి. వాటిని తెప్పించి ఇచ్చిన కంపెనీ పెద్ద మాగ్నస్ లాగర్‌స్ట్రోమ్ పేరును లిన్నేయస్ 1759లో ఈ ప్రజాతికి పెట్టాడు. అదే ఏడు లాగర్‌స్ట్రోమ్ చనిపోయాడు. చైనా చెట్టుకు ‘ఇండికా’ అన్న జాతి పేరు కూడా అప్పుడే తగిలింది. నర్సరీలవాళ్ళు నోరు తిరగక నానా రకాలుగా పలికే ‘లాజెర్‌స్ట్రోమియా’ కథ ఇదీ.

మన వైపు కథ ఇంతకన్నా ఆసక్తికరం. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాక, వాటిలో ఏ చెట్లున్నాయో, వాటితో ఏం లాభమో చూడడానికి వైద్యులే వృక్షశాస్త్రజ్ఞులయ్యారు. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన తర్వాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి విశాఖపట్నంలో తమ్ముడి దగ్గర ఉంటున్న పాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. ఆయన మనసు మొక్కలకన్నా పాముల మీద ఎక్కువ. చెట్ల పని నిజంగా చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి సామర్లకోటలో ఉండి, తోట వేసి, స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి వందల మొక్కలకు బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. ఆ బొమ్మల్లోంచి ఏరిన 300 మొక్కలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. చెన్నంగికి ‘పార్విఫ్లోరా’ అన్న శాస్త్రీయ నామం ఆ గ్రంథంతోనే స్థిరపడింది. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్న మనిషి ఆయన. బొమ్మలు గీసిన చేతుల పేర్లకు మాత్రం ఆ పుస్తకంలో చోటు దొరకలేదు.

పాలకొండ, సీతంపేట వైపు కొండల్లో చెన్నంగిని అందం కోసం చూసినవారు తక్కువ. కర్ర గట్టిది. నాగళ్ళకు, బండి సామానుకు, ఇంటి వాసాలకు పనికొస్తుంది. ఆకు దసలి పట్టుపురుగుకు మేత. దాని పువ్వు తెల్లగా, చిన్నగా ఉంటుంది, కాస్త వాసన కూడా ఉంటుంది. చెల్లెలికి రంగు దక్కింది, వాసన దక్కలేదు.

నా ఉద్దేశంలో చినగోరింటను మన ఇళ్ళలో వెనక్కి నెట్టింది ఈ వాసన లేకపోవడం కన్నా కోస్తే నిలవకపోవడమే. మన పెరట్లో పువ్వుకు చోటు కావాలంటే అది దేవుడికన్నా పనికిరావాలి, జడకన్నా పనికిరావాలి. నందివర్ధనం, గన్నేరు, మందారం, పారిజాతం, కనకాంబరం అన్నీ అలా లోపలికి వచ్చినవే. కోస్తే గంటలో వాడిపోయే ముడతల రేకులను ఎవరు దండ గుచ్చుతారు? అందుకే ఇది పెరటి పువ్వు కాకుండా బంగళా పువ్వయింది. దొరల కాలపు తోటపని పుస్తకాలు దీన్ని మెచ్చుకున్నాయి. 1950లో వనమహోత్సవం మొదలయ్యాక పూలచెట్ల మీద మోజు పెరిగినా, రోడ్ల పక్కకు ఎక్కువగా వెళ్ళింది ఇదే ప్రజాతిలోని పెద్ద చెట్టు వరగోగు. ఇళ్ళలోకి చినగోరింట బాగా రావడం కడియం నర్సరీల పుణ్యం. గోదావరి ఒడ్డున సంచుల్లో పెరిగిన మొక్క లారీ ఎక్కి జాతీయ రహదారి మీదుగా ఇటు వచ్చేస్తోంది.

ఇప్పుడు ఈ చెట్టుతో పరిచయానికి ఇంకో దారి కూడా ఉంది. మన జిల్లాల పిల్లలు టెక్సాస్‌లో ఇళ్ళు కొనుక్కుంటే వీధి వీధినా కనిపించేది ఈ చెట్టే. 18వ శతాబ్దం చివర ఆంద్రే మిషో అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని అమెరికాలోని చార్లెస్టన్ చేర్చాడు. బూడిద తెగులు అక్కడా పీడించింది. 1956లో జపాన్‌లోని యాకుషిమా దీవి నుంచి తెచ్చిన మరో జాతి విత్తనాలతో వాషింగ్టన్ జాతీయ వృక్షవనంలో డొనాల్డ్ ఎగోల్ఫ్ సంకరాలు చేశాడు. తెగులును తట్టుకునే ‘నాచెజ్’ రకం 1978లో విడుదలైంది. టెక్సాస్ చినగోరింటను 1997లో రాష్ట్రపు పొదగా ప్రకటించింది.

ఆ తెగులు సంగతి మనకూ ముఖ్యమే. జోరు వానలో అది రాదు. కార్తీక, మార్గశిర మాసాల మంచుకు, నీడలో, గాలి ఆడని మూలలో వస్తుంది. కనక మొదటి మందు ఎండే. రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట దీన్ని నాటడం దండగ. అప్పటికీ ఆకు మీద తెల్లపొడి కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లాలి, అదీ చల్లటి పూట. ఆకులు జిగురుగా మారి మసి పట్టాయంటే పేనుబంక చేరిందని అర్థం. దానికి సబ్బునీళ్ళలో కలిపిన వేపనూనె చాలు. విజయనగరం ఎర్రనేలల్లో ఇది తేలిగ్గా కుదురుకుంటుంది. తీరం వెంబడి ఇసుక నేలల్లో గొయ్యికి రెండు గంపల పశువుల ఎరువు, మొదటి రెండు వేసవులు నీరు తప్పవు. యూరియా మీద ప్రేమ వద్దు, ఆకు దట్టమవుతుంది గాని పువ్వు రాదు.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చి పోయాక ఇంటి గోడ పక్కన ఎత్తయిన చెట్టు అంటే ఇక్కడ భయం మిగిలింది. ఇరవై అడుగులు దాటడం అరుదైన ఈ చెట్టు ఆ భయానికి మంచి జవాబని నేననుకుంటాను.

చేస్తున్న తప్పల్లా కత్తిరింపులోనే. పువ్వు కొత్త చిగురు మీద వస్తుందన్నమాట నిజమే. దాన్ని పట్టుకుని ఏటా మొండెం దాకా నరికేస్తే, మొద్దు చివర సన్నటి రెమ్మలు గుంపుగా లేచి పూల బరువుకు వంగిపోతాయి. పొట్టు రాలి నునుపు తేలే కాండం అందమూ పోతుంది. అమెరికాలోనూ ఇదే అలవాటు, అక్కడి తోటమాలులు దాన్ని హత్య అనే అంటారు. సంక్రాంతి దాటాక ఎండుపుల్లలు, అడ్డంగా రాసుకునే కొమ్మలు, మొదట్లో లేచే పిలకలు తీస్తే చాలు. మొదటి పూత వాడగానే కాయగుత్తులు తుంచితే రెండో పూత వస్తుంది. ఈ ఏడు కత్తెర పట్టేవారికి ఒక్కటే మనవి: పెన్సిలు మందం దాటిన కొమ్మ జోలికి పోకండి.