ఆవము వేడిని కొలిచిన మట్టిబిళ్ళ

పాదరస ఉష్ణమాపకమును మండుచున్న ఆవములో నుంచినచో ఏమగును? పాదరసము 357 సెంటిగ్రేడు డిగ్రీలకే మరగిపోవును. గాజు మెత్తబడి వంగిపోవును. కాని పింగాణి పాత్రలు కాలుటకు 1,000 డిగ్రీలు దాటిన వేడి కావలెను. అట్టి వేడిని కొలుచుట యెట్లు?

పూర్వము కుమ్మరులు మంట రంగును చూచియే వేడిని అంచనా కట్టెడివారు. ఒకరి కంటికి నారింజగా తోచినది మరియొకరికి పసుపుగా తోచవచ్చును. అంచనా తప్పినచో ఆవములోని సరుకంతయు ఒక్కసారిగా పాడగును.

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరులో ఎట్రూరియా అనుచోట పింగాణి కార్ఖానా నడిపిన జోసయా వెడ్జ్‌వుడ్ (1730–1795) ఈ చిక్కును విప్పబూనెను. ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్‌కు ఇతడు మాతామహుడు. కుమ్మరులందరు ఎరిగిన విషయమునే ఇతడు సాధనముగా మలచెను: మట్టి కాలినకొలది కుదించుకొనును. వేడికి మట్టిరేణువులు ఒకదానితో నొకటి అతుకుకొనగా నడుమ నున్న రంధ్రములు పూడిపోవును. చల్లారిన పిదపగూడ ఆ మట్టి తిరిగి పెరుగదు. కనుక అది చూచిన వేడికి అదియే సాక్షి.

వెడ్జ్‌వుడ్ ఒకే తీరు మట్టితో సమానమైన బిళ్ళలు చేయించెను. ఒక బిళ్ళను ఆవములో నుంచి, చల్లారిన తరువాత ఇత్తడి కొలబద్దలో జార్చవలెను. కొలబద్దపై రెండు కడ్డీలు ఒక కొనవైపు ఎడముగా, రెండవ కొనవైపు ఇరుకుగా బిగింపబడి యుండును. బిళ్ళ ఎంత కుదించుకొనిన అంత లోపలికి పోవును. ఆగినచోటి అంకెయే వేడి. 1782లో ఈ సాధనమును లండన్ రాయల్ సొసైటీకి వివరించి, 1783లో ఇతడు ఆ సంస్థకు సభ్యుడయ్యెను.

అయితే ఈ అంకెలకును ఫారన్‌హీటు డిగ్రీలకును గల సంబంధమేమి? వెండిముక్క వ్యాకోచమును మధ్యవర్తిగా చేసికొని, తన సున్న 1,077½ ఫారన్‌హీటు డిగ్రీలకును, తన ఒక్కొక్క డిగ్రీ 130 ఫారన్‌హీటు డిగ్రీలకును సమానమని వెడ్జ్‌వుడ్ లెక్కించెను. తక్కువ వేడిలో దొరకిన నిష్పత్తినే మిక్కిలి వేడికిని సాగదీసెను. పొరపాటు ఇచ్చటనే జరిగెను. ఈ లెక్కన వెండి కరగు వేడి 28వ డిగ్రీ, అనగా 4,717 ఫారన్‌హీటు డిగ్రీలు. వాస్తవమునకు వెండి 1,763 డిగ్రీలకే కరగును. పోత యినుమునకు వచ్చిన 17,977 డిగ్రీలు ఇంకను విపరీతము. మట్టి అన్ని వేడులలోను ఒకే తీరున కుదించుకొనదు. ఎంతసేపు కాలినదన్న సంగతియు ఫలితమును మార్చును.

19వ శతాబ్ది ఆరంభమున గైటన్ ద మొర్వో, డేనియల్ మొదలగువారు ప్లాటినము వ్యాకోచముతో కొలిచి, ఈ అంకెలు మితిమీరినవని చూపిరి. 1886 ప్రాంతమున బెర్లిన్‌లో హెర్మన్ సేగర్, నిర్ణీత వేడికి వంగిపోవు పింగాణి శంఖువులను తయారుచేసెను. ఇట్టి శంఖువులు నేటికిని ఆవములలో వాడుకలో నున్నవి. ఆ కాలముననే ఫ్రాన్సులో లె షాట్లియే ప్లాటినము, ప్లాటినము–రోడియము తీగెలను జతచేసి విద్యుత్తు ద్వారా వేడిని కొలిచెను. నేడు అట్టి తీగెలను కొలిమిలో కాపాడునది అల్యూమినా గొట్టము. అదియు పింగాణి జాతిదే.

వెడ్జ్‌వుడ్ అంకెలు తప్పినను, నేటి ఆవము నిన్నటి ఆవమంత కాగినదా లేదా అని అతని బిళ్ళ చెప్పగలిగెను. కుమ్మరికి అది చాలును, శాస్త్రమునకు చాలదు. కొలత నిలకడగా నుండుట వేరు, నిజమగుట వేరు.