వినాయకుడి పాల నుంచి వాట్సాప్ దాకా

1995 సెప్టెంబరు 21 మీకు గుర్తుందా? తెల్లవారుజామున ఢిల్లీలోని ఒక గుడిలో వినాయకుడి విగ్రహం పాలు తాగుతోందన్న మాట పుట్టింది. కొన్ని గంటల్లో దేశమంతా పాకింది. అదే రోజు లండన్ గుళ్ళలోనూ విగ్రహాలకు చెంచాలతో పాలు పట్టారు. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, వాట్సాప్ లేదు. టెలిఫోను ఒక్కటే సరిపోయింది.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టి చూపించారు. తలతన్యత వల్ల చెంచాలోని పాలు విగ్రహం మీదికి లాగబడి, పలచటి పొరగా కిందికి జారాయి. విగ్రహం తాగిందేమీ లేదు. ఆ పుకారు వల్ల పోయింది పాలే కదా అని నవ్వుకున్నాం. కానీ ఎవరో చెబితే నమ్మి, మరొకరికి చెప్పే అలవాటు అలాగే ఉండిపోయింది. సాధనం మాత్రం మారింది.

2012 ఆగస్టులో, అస్సాం అల్లర్ల తర్వాత, ఈశాన్య రాష్ట్రాల వారిపై దాడులు జరుగుతాయని ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. బెంగుళూరు నుంచి వేలమంది గౌహతి రైళ్ళెక్కారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ కోడై కూసింది. అందులో తిరిగిన ఒక వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచారచిత్రం. అసలు సంగతి చెప్పే చివరి భాగం కత్తిరించి పంపారు. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలో, ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామంలో, భిక్షాటనకు వచ్చిన అయిదుగురు సంచార జాతి వారిని జనం కొట్టి చంపారు. ఈసారి పోయింది పాలు కాదు.

ఆ నెలలోనే వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్‌లకే పంపేలా మన దేశంలో పరిమితి పెట్టింది. లెక్క వేసి చూడండి. ఒకరు అయిదుగురికి, వారిలో ప్రతి ఒక్కరూ మరో అయిదుగురికి పంపితే ఎనిమిదో అంచెలోనే 3,90,625 మందికి చేరుతుంది. పరిమితి వేగాన్ని తగ్గిస్తుంది గాని నమ్మకాన్ని తగ్గించదు.

అలాగని నోరు నొక్కడం మందు కాదు. 2012లో ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్యకు పాల్‌ఘర్‌లో ఇద్దరు యువతుల్ని అరెస్టు చేశారు. అలాంటి అరెస్టులకు ఆధారమైన 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. 2021లో కోవిడ్ రెండో దశలో ఆక్సిజన్ కోసం, ఆసుపత్రి పడకల కోసం జనం ఆశ్రయించింది ఈ మాధ్యమాలనే. అలా సాయం కోరేవారిని శిక్షించరాదని ఆ ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రాణం తీసిన సాధనమే ప్రాణం నిలబెట్టింది కూడా.

మరి దారేది? 2018లో గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి నాయకత్వంలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటల ద్వారా కూడా, వచ్చిన సందేశాన్ని నమ్మే ముందు విచారించుకోమని జనానికి చెప్పారు. హేతువాదులు మొదటినుంచీ చెబుతున్నదీ ఇదే.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. రైన్‌పాడాలో నిప్పు లేదు, పొగే మనుషుల్ని చంపింది. కాబట్టి సందేశం పంపే ముందు ఒక్కటి అడుగుదాం: ఇది చూసిందెవరు? జవాబు దొరక్కపోతే అది మన దగ్గరే ఆగిపోవాలి. మనకు నచ్చిన మాటైనా సరే.