ముందుకు వంగే బానెట్టు

1973లో, పద్నాలుగో ఏట, రాజమండ్రిలో ధవళేశ్వరం రోడ్డు మీదున్న ఓ షెడ్డులో పనికి చేరాను. కారు లోపలికి రాగానే మా మేస్త్రి గారు ముందు చూసేది దాని బానెట్టు ఎటు తెరుచుకుంటుందో. దాన్నిబట్టి మాలో ఎవరు ఏ పక్క నిలబడాలో, లైటు ఎక్కడ వేలాడదియ్యాలో చెప్పేవారు. నేను యాభై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. గోదావరి జిల్లాల మోటారు చరిత్ర చెప్పమంటే నేను బానెట్టు బందుల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

జమీందార్ల కాలపు కార్లకి రెక్కల బానెట్టు ఉండేది. ఫోర్డు మోడల్ ఏ, ఆస్టిన్ సెవెన్ లాంటివాటికి నడినెత్తిన పొడుగాటి బందు, దానికి రెండు పక్కలా రేకు రెక్కలు. ఏ రెక్క ఎత్తితే ఆ వైపు సగం ఇంజనే కనపడుతుంది. నేను చేరేనాటికి అవి పెళ్లి ఊరేగింపులకి తప్ప బయటికి రావడం మానేశాయి. అప్పటికి రోడ్డంతా అంబాసిడర్లదే. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చులోంచి వచ్చిన బండి అది. 1957 నుంచి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైంది. దాని బానెట్టుకి బందులు అద్దం వైపుంటాయి, నోరు ముందుకి తెరుచుకుంటుంది. రేడియేటరులో నీళ్లు పొయ్యడానికి, ఫ్యాను బెల్టు మార్చడానికి అంతకన్నా సుఖం లేదు.

వీటి మధ్యకి వచ్చింది స్టాండర్డ్ హెరాల్డు. ఆ కారు మీద నాకు ఇప్పటికీ ప్రేమే. ఇటలీ మనిషి జొవాన్ని మికెలోట్టి గీసిన బండి. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ పేరుతో దిగింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేశారు. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లకి బాడీలు అచ్చుపోసిపెట్టే కార్ఖానా పోటీ కంపెనీ చేతికి పోయింది. మొత్తం బాడీ ఒకేచోట చేయించుకునే దారి లేక, చాసిస్ విడిగా ఉంచి దాని మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించే పద్ధతి పట్టారు. ఆ ఇబ్బందిలోంచి పుట్టిందే దాని బానెట్టు. రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు, ముక్కు అన్నీ కలిపి ఒకే ముక్క. కింద రెండు పక్కలా కొక్కేలు విప్పి ఎత్తితే ముఖమంతా ముందుకి వాలిపోతుంది. ఇంజను, స్టీరింగు, ముందు చక్రాలు అన్నీ బయటపడతాయి. మేం టైరు మీద కూర్చుని ప్లగ్గులు తీసేవాళ్లం. నడుం వంచకుండా చేసిన మోటారు పని నాకు అదొక్కటే.

మా డెల్టాకి అది బాగా సరిపోయింది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఇక్కడ కాలవలదే రాజ్యం, చాలా ఊళ్లకి కాలవ గట్టే రోడ్డు. ఎదురుగా ఎడ్లబండి వస్తే వెనక్కి తిప్పుకోవడానికి చోటుండదు. హెరాల్డు పాతికడుగుల వలయంలో గిర్రున తిరిగేది. ప్లీడర్లూ డాక్టర్లూ ఇష్టపడి కొన్నారు. సామానుకి మద్రాసు ఉత్తరం రాస్తే హౌరా మెయిల్లో పార్సిలు వచ్చేది. ఇబ్బందల్లా కోటిపల్లి రేవులో పంటు మీద. ముందు కారుకి ఆనించి నిలబెడతారు కదా, నది మధ్యలో ఏం జరిగినా బానెట్టు వంచడానికి జాగా ఉండదు. ఒడ్డుకి చేరేదాకా ఆగాల్సిందే.

1974 నవంబరులో రోడ్డు కం రైలు వంతెన తెరిచారు. అంతకుముందు రాజమండ్రి నుంచి కొవ్వూరు కళ్లెదురుగా కనపడుతున్నా కారు నేరుగా పోయే దారి లేదు. కింద రైలు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పొడుగు, రెండు పక్కలా గాలికి అడ్డమే లేదు. బండి బాగుచేశాక ట్రయలుకి ఇక అదే మా దారి.

1977 ఆషాఢంలో అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన అంబాసిడరు, మార్క్ టూ, నేను తీసుకెళ్లాను. కింద గోదావరి ఎర్రగా పోతోంది. పడమటి గాలి, నేను పోయేదీ పడమటికే. బానెట్టు దించి రెండు చేతులతో నొక్కాలి. నేను వదిలేశానంతే, అది మొదటి పన్ను దగ్గరే ఆగింది. వంతెన నడిమికి వచ్చేసరికి ఒక్కసారి లేచి అద్దానికి కొట్టుకుంది. అద్దం గవ్వలు గవ్వలుగా పగిలింది. ఎదర ఏమీ కనపడదు, వెనక లారీ హారను. పక్క కిటికీలోంచి పిట్టగోడని చూసుకుంటూ, దానికి రాసుకుపోయేంత దగ్గరగా ఆపాను. తప్పు నాదే. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

వ్యాపారి గారు నన్ను ఒక్క మాట అనలేదు. బండి చుట్టూ తిరిగి, షెడ్డులో ఉన్న హెరాల్డు వైపు చూసి, "మేస్త్రీ, దీన్ని కూడా అలా ముందుకి వంగేలా చెయ్యగలవా?" అన్నారు. మేస్త్రి గారు "చూద్దామండి" అన్నారు. ఆ రాత్రి నిద్రపోలేదని నాకు తెలుసు. పొద్దున్నే వచ్చేసరికి నేలంతా అట్టముక్కలు.

బందులు వెనక నుంచి తీసి ముందు పెడితే అయిపోతుందనుకున్నాను. అవదు. అంబాసిడరు బానెట్టు కొస గ్రిల్లు మీదకి వంగి ఉంటుంది. బందు అక్కడే పెడితే తెరిచినప్పుడు కొస వెళ్లి గ్రిల్లులో గుచ్చుకుంటుంది. మేస్త్రి గారు బానెట్టు పక్క వాటాన్ని అట్ట మీద గీసి, కత్తిరించి, చెక్కకి మేకుతో కొట్టి తిప్పి చూశారు. మేకు మార్చారు, మళ్లీ తిప్పారు. చివరికి మేకు గ్రిల్లుకన్నా ముందుకి, బంపరు వెనక్కాల బాగా కిందికి వచ్చింది. అక్కణ్ణుంచి తిప్పితే కొస గ్రిల్లుని తాకకుండా ముందు బయటికి జరిగి ఆ తర్వాత వాలుతోంది. అంగుళంన్నర ఇనప పట్టీ కాల్చి కొడవలిలా రెండు చేతులు వంచారు. ఇరుసుకి లారీ స్ప్రింగు షాకిల్ పిన్నులు వేశారు. వెనక రెండు మూలలా జీపు బానెట్టు కొక్కేలు. తెరిచినప్పుడు బరువంతా పోయి బంపరు మీద పడకుండా లోపల తోలు పట్టీ. నాలుగు రోజులు పట్టింది. అద్దం దగ్గర సందు రెండు వైపులా సమంగా వచ్చేదాకా రేకుని సుత్తితో తడుతూనే ఉన్నారు.

ఇందులో నష్టం లేకపోలేదు. బానెట్టు రేడియేటరు మీద గొడుగులా నిలబడుతుంది, నీళ్లు పక్కనుంచి పొయ్యాలి. మడ్‌గార్డులు కదలవు కాబట్టి హెరాల్డు సుఖం రాదు. కానీ కొక్కేలు రెండూ ఊడినా ఎదురుగాలికి లేచి అద్దం మీదకి తిరగబడడమనేది జరగదు. ఆ పని అందుకే చేశాం.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు కోనసీమలో ఆ కారు కూడా మునిగింది. డోర్ల అడుగున, మడ్‌గార్డు మడతల్లో ఒండ్రు గట్టిపడిపోయింది. గరిటెలతో గోకాం. మేస్త్రి గారు వేసిన ఇరుసుల్లోంచి ముందు మట్టి, తర్వాత నల్లటి గ్రీజు బయటికొచ్చాయి. పిన్నులు మాత్రం చెక్కు చెదరలేదు.

హెరాల్డు మద్రాసులో 1971తోనే ఆగింది. అంబాసిడరు 2014 దాకా నడిచింది. మేస్త్రి గారు పోయి చాలా కాలమైంది. మొన్న ఆ వ్యాపారి గారి మనవడు అదే కారుని నా షెడ్డుకి తెచ్చాడు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజి రిజిస్ట్రేషను ఇస్తారు, నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. అయితే బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజనుల్లో మార్పులుండకూడదు. "మావయ్యా, బందులు మళ్లీ వెనక్కి పెట్టెయ్యవా?" అని అడిగాడు.

పెట్టొచ్చు. అద్దం కింద రంగు గోకి చూస్తే పాత బందుల బోల్టు కన్నాలు నాలుగూ అలాగే ఉన్నాయి. మేస్త్రి గారు వాటిని వెల్డింగుతో పూడ్చలేదు. ఇత్తడి బిళ్లలు మరబిగించి పైన రంగేశారు. ఎప్పుడైనా, ఎవరైనా వెనక్కి మార్చాలంటే దారి ఉంచారు. ఆయన అంత ముందుచూపుతో చేశారని నాకు నలభై ఏళ్లకి పైగా తెలియలేదు.

కుర్రాడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. బండి నా దగ్గరే ఉంది. నన్నడిగితే ఆ నంబరు వద్దంటాను.