పౌను గింజల కూలి

1876వ సంవత్సరమున వానలు మొగము చాటుచేయుటచే దత్తమండలములను, అనగా నేటి రాయలసీమను, దాని ప్రక్కనున్న బళ్లారి సీమను పట్టి పీడించిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనుచుండిరి. వాన లేమి దైవికమే. కాని ఆ యేట లోకమున గింజయే లేకపోయెననుట చరిత్రకు విరుద్ధము. మదరాసు రేవున బస్తాలు దిగుచునే యుండెను, రైలుబండ్లు వానిని లోసీమలకు చేర్చుచునే యుండెను. పైరు లేని పొలమునకు కలుపుదీయువారును కోతకోయువారును అక్కరలేదు గావున కూలివానికి పిలుపు నిలిచిపోయెను. రైతు చేతిలో కాసు లేదు గావున సాలెవాని మగ్గము మూలబడెను. ఇట్లు సంపాదన పోయిన దినములలోనే జొన్నల ధర ఆకాశమంటుటచే, అంగడిలో గింజ యుండగనే అంగడి వాకిట జనము నకనకలాడి కూలిరి. బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునను సామెత నాడు దినచర్య యయ్యెను.

మదరాసు ప్రభుత్వము తొలుత కొంత ఉదారముగనే కరవుపనులు తెఱచి, చెఱువుల పూడిక తీయించుచు, బాటలకు కంకర కొట్టించుచు కూలి యిచ్చుచుండెను. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటించిన రాజప్రతినిధి లిట్టను ప్రభువు, కరవుపనుల వ్యయము తగ్గించుటకై ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపులును మన సీమకు పంపెను. ఈ టెంపులు కథ విచిత్రమైనది. 1873-74లో బీహారున కరవు వచ్చినప్పుడు బర్మానుండి బియ్యము తెప్పించి మరణములను దాదాపు లేకుండ చేసిన దొర యితడే; ధనము నీళ్లవలె వెచ్చించెనని అందుకు ఇంగ్లండున నింద మోసినవాడును ఇతడే. ప్రాణములు నిలిపినందుకు మాటపడిన యధికారి రెండవమారు ఖజానాను నిలుపుటకే పూనుకొనెననిన, దోషమంతయు అతని యొక్కని హృదయమున వెదకుట న్యాయము కాదేమో.

అతడు నిర్ణయించిన కూలి యేమనగా: పగలెల్ల శ్రమించిన పురుషునకు ఒక పౌను గింజలు, దానిపై చిల్లర డబ్బులు, స్త్రీకిని బాలునకును అంతకంటె తక్కువ. ఒక పౌననగా మన లెక్కకు సుమారు 450 గ్రాములు. పైగా, ఒడలిలో సత్తువ గలవారికి ఇంటికి పది మైళ్ల లోపల పని యీయరాదను నియమమొకటి. తెల్లవారకమున్నే లేచి, సుత్తెతో రాతిని పగులగొట్టి, కొలతకు సరిపడ కంకర కుప్పవోసి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట కట్టెలేరుకొని, ఆ గింజలను దంచి కాచిన సంకటిని పనికి రాలేని ముసలివారితో పంచుకొను స్త్రీకి ఎన్ని ముద్దలు దక్కునో తెలిసికొనుటకు గొప్ప శాస్త్రము అక్కరలేదు.

అయినను శాస్త్రము తెలిసినవాడొకడు లెక్కవేసెను. మదరాసు రాజధాని ఆరోగ్యాధికారియైన కార్నిషు వైద్యుడు, చెరసాలలోని ఖైదీకే యింతకంటె మెఱుగైన తిండి దొరకుచున్న కాలమున, కష్టించు దేహమునకు ఒకటిన్నర పౌను గింజలును, పప్పును, కూరగాయలును ఉండితీరవలెనని వాదించెను. మెల్లగా కృశించు మనిషి కొన్ని వారములవఱకు చూపరులకు బాగుగనే కనబడును. పిమ్మట కాళ్లు నీరుపట్టి, విరేచనములు తగులుకొని, అన్నము చేతికందిచ్చినను ప్రేవులు దానిని అరిగించుకొనలేని స్థితి వచ్చును. 1877లోనే ప్రభుత్వము కూలిని ఒకటింబావు పౌనుకు పెంచి, కొంత పప్పు చేర్చెను. సంతలో బేరమువలె సగమునకు కుదిరిన ఆ పరిష్కారము చాలలేదు. శిబిరములలో కలరాయును, ఆ యేటి చివర వానలు కురిసినంతనే చలిజ్వరమును ఎండిన దేహములను ఊడ్చుకొనిపోయెను. ఈ మరణములు పెక్కు రోగముల పద్దునకే చేరినవి; కూలి పద్దునకు చేరినది లేదు. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా దాదాపు నాల్గవవంతు ప్రజను కోల్పోయెను.

కరవును విచారించుటకు 1878లో నియమింపబడిన స్ట్రాచీ దొర సంఘము 1880లో నివేదిక యిచ్చెను; దానినుండి 1883లో కరవు నిబంధనావళి పుట్టెను. పని చూపి తిండి పెట్టుట సర్కారు బాధ్యతయని అది ఒప్పుకొన్నది. న్యాయస్థానమున నిలిచి అడుగగల హక్కును మాత్రము కూలివానికి ఈయలేదు. ఆ హక్కును, ఏట నూరు దినముల పనిగా, గ్రామీణ కుటుంబములకిచ్చిన 2005 నాటి చట్టము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో అమలునకు వచ్చెను. ధాత కరవునాడు ఆ సీమ బళ్లారి జిల్లాలోనిది.